అయిదో టికెట్టు

"ఆ టికెట్లలో నా పేరేదీ అని అడుగుతున్నాను. ముందు దానికి జవాబు చెప్పండి."

మంగాదేవి గొంతు కలకత్తాలోని ఆ సాల్ట్ లేక్ ఫ్లాటు గోడలు దాటి మెట్లమీదికి వినిపించే ఉంటుంది. ఎదురింటి ఘోష్‌గారి తలుపు ఓరగా తెరుచుకుని మళ్ళీ మూసుకుంది.

మృత్యుంజయ పేపరు దించలేదు. రిటైరయ్యేదాకా బ్యాంకు మేనేజరుగా చేసిన మనిషి. ఎంతమంది అరుపులో చల్లగా కూచుని విన్నవాడు. ఇదీ కాసేపటికి చల్లారుతుందనుకున్నాడు.

చల్లారలేదు. ఆవిడ వచ్చి ఆ పేపరు లాగి సోఫామీద పడేసింది.

"మంగా!"

"చిన్నికి జడ వేస్తుంటే తెలిసింది నాకు. 'నానమ్మా, మేం పడవలో పడుకుంటాం, నువ్వు తాతమ్మ దగ్గర పడుకుంటావు కదా' అంది. ఇంట్లో ఇంతమంది పెద్దవాళ్ళుండి, పసిపిల్ల చెప్తే గాని నాకు తెలీలేదు. మీకెవరికీ నోరు రాలేదేటి?"

భోజనాల బల్ల దగ్గర కొడుకు ప్రణవ్ తల వంచుకుని బ్రెడ్డు ముక్కని పొడి చేస్తున్నాడు. కోడలు లక్ష్మీసౌజన్య చిన్నిని బొమ్మల క్లాసులో దింపి అప్పుడే వచ్చి కూచుంది. ఆమె కళ్ళు టీ కప్పులోంచి పైకి రావడం లేదు.

"ఇందులో ఇంత గొడవ పడేందుకు ఏముంది?" అన్నాడు మృత్యుంజయ. "వియత్నాం ఎక్కడికీ పారిపోదు. ఇంకోసారి వెళ్దువుగాని. బాత్‌రూములో పడ్డప్పటినుంచి అమ్మ వాకరు లేకుండా అడుగు వెయ్యలేకపోతోంది. ఆవిణ్ణి ఒక్కత్తినీ వదిలేసి పోదామంటావా?"

"వదిలెయ్యమని నేనన్నానా? అడగమన్నాను. నన్నో మాట అడగమన్నాను."

"అడిగితే ఏమనేదానివి?"

"అది అడిగాక కదా తెలిసేది!"

 వంటింట్లో మినప్పిండి గిన్నె మూత తీసి ఉంది. పొయ్యి వెలగలేదు. ఈ ఇంట్లో శనివారం పూట గారెలు లేకపోవడం ఎవరికీ గుర్తులేదు. ఆ సంగతి అడిగే ధైర్యం కూడా ఇవాళ ఎవరికీ లేదు.

నిజానికి ఆ ప్రయాణాన్ని మొదటినుంచీ అల్లింది మంగాదేవే. స్కూల్లో భూగోళం చెప్పి రిటైరయింది. నల్లబల్లమీద ఎన్ని సముద్రాలో గీసింది గాని, ఒక్కటీ దాటలేదు. ఎండలు మొదలైనప్పటినుంచి మధ్యాహ్నం నిద్ర మానేసి, మనవరాలి టాబ్లెట్ ముందేసుకుని బుకింగ్ సైట్లన్నీ ఒక పట్టు పట్టింది. ఒకదాంట్లో మొదట చూపించిన ధర ఆఖరి పేజీకి వచ్చేసరికి ఉబ్బిపోతుంది. ఇంకోదాంట్లో మనం అడక్కుండానే ఇన్సూరెన్సుకి టిక్కు పెట్టేసి ఉంటుంది. మూడోది హోటలు ఫొటోలో సముద్రాన్ని చూపించి, గది మాత్రం వెనక సందులో ఇస్తుంది.

ఆవిడతో కలిసి పనిచేసిన పుష్పరాణి టీచరు బాలి వెళ్ళినప్పుడు విమానం రద్దయింది. ఎయిర్‌లైన్ వాళ్ళు టికెట్టు కొన్న సైటుని అడగమన్నారు. ఆ సైటువాళ్ళు ఎయిర్‌లైన్‌ని అడగమన్నారు. ఇద్దరి మధ్యా పుష్పరాణి ఎయిర్‌పోర్టు నేలమీద చీర పరుచుకుని పడుకుంది. ఆ కథ విన్నాక మంగాదేవి తేల్చేసింది: విమానం టికెట్లు ఎయిర్‌లైన్ సొంత సైట్లోనే కొనాలి. హోటళ్ళు మాత్రం ఆఖరి నిమిషందాకా రద్దు చేసుకోనిచ్చే సైట్లో తీసుకోవాలి. సముద్రంమీద రాత్రి గడిపే పడవ కోసమైతే, పొగిడినవాళ్ళ రాతలు వదిలేసి తిట్టినవాళ్ళ రాతలే ఓపిగ్గా చదివి, చివరికి ఒక పడవని ఏరింది.

అవన్నీ మృత్యుంజయ "ఊఁ, ఊఁ" అంటూ విన్నాడు. విని, పొద్దున్న పార్కులో తనతో నడిచే భానుమూర్తి చెప్పిన ఇంకేదో సైటు తెరిచి, విమానమూ హోటళ్ళూ పడవా కలిపి ఒకే దెబ్బకి కొనేశాడు. నలుగురికి. తనకి, కొడుక్కి, కోడలికి, మనవరాలికి.

"మీకు నచ్చిన సైట్లో కొన్నారు. పోనీ అనుకుంటాను," అంది మంగాదేవి. "పడవ మాత్రం నేనేరిందే ఎందుకు కావాల్సొచ్చిందండీ? ఏ గదికి సముద్రం వైపు కిటికీ ఉందో కళ్ళు కాయలు కాసేలా వెతికింది నేను. ఇప్పుడా కిటికీ కాడ మీరు కూచుంటారేటి?"

"ప్రతిదానికీ పెడర్థాలు తియ్యకు. ఇన్నేళ్ళలో నిన్నెక్కడికీ తీసుకెళ్ళలేదా? పూరీ వెళ్ళలేదా? డార్జిలింగ్ వెళ్ళలేదా?"

"తీసుకెళ్ళారు! ఎక్కడికెళ్ళినా కిరసనాయిలు స్టవ్వు మోసింది నేనే. డార్జిలింగ్‌లో సూర్యోదయం చూడ్డానికి మీరంతా కొండెక్కారు. నేనెక్కడున్నాను? గదిలో కూచుని మీరు దిగొచ్చేసరికి ఉప్మా కలుపుతున్నాను. ఆ సూర్యుడు ఎలా ఉంటాడో ఇప్పటికీ నాకు తెలీదు."

"అప్పుడు చెప్పొచ్చుగా!"

"ఇప్పుడు చెప్తున్నాను కదా. ఇప్పుడేటి చేశారు?"

మృత్యుంజయ లేచి నిలబడ్డాడు. "కేన్సిల్ చేద్దామంటే పైసా వెనక్కి రాదు. ఆ సైటు రూలు అది. నేనేం చెయ్యను?"

"రాదని నేను ముందే చెప్పాను. ఆ సైటు వద్దన్నాను. విన్నారా?"

"అమ్మా, ప్లీజ్," అన్నాడు ప్రణవ్. అతను కలకత్తాలోనే పుట్టి పెరిగాడు. కోపమొస్తే తెలుగు మాటలు దొరకవు, చేతులు తిప్పుతాడు. "ఎందుకు నాన్న ఒక్కడినే పట్టుకుని అలా... నాన్న తప్పు కాదు. మేమంతా కూచునే డిసైడ్ చేశాం."

ఆ మాట నోరు జారాక గాని తనేమన్నాడో అతనికి తెలీలేదు.

మంగాదేవి కొడుకువైపు తిరిగింది. "మేమంతా అంటే?"

ప్రణవ్ బ్రెడ్డు పొడిని ప్లేటు అంచుకి నెట్టాడు.

"నేను లేనప్పుడు మీటింగు పెట్టుకున్నారన్నమాట. ఎక్కడ పెట్టుకున్నారు? ఈ బల్ల దగ్గరేనా? నేనప్పుడు ఎక్కడున్నాను, వంటింట్లోనా?"

"నువ్వు కాళీబాడీ గుడికి వెళ్ళావు..." అని గొణిగాడు ప్రణవ్.

మంగాదేవి నవ్వింది. ఆ నవ్వు విని సౌజన్య కప్పు కింద పెట్టేసింది.

"ఏమ్మా సౌజన్యా, నువ్వు కూడా ఉన్నావు కదూ ఆ మీటింగులో? రోజూ రాత్రి నాతో కూచుని కూరలు తరుగుతావు. ఆ పడవ ఫొటోలు నాతో కలిసి చూశావు. 'ఈ గది మంచిగుంది అత్తయ్యా' అన్నావు. నాకు చెప్పడానికి నీకే రోజూ తీరలేదా?"

"చెప్పాలనుకున్న అత్తయ్యా. నిజంగ." సౌజన్యది హైదరాబాదు. కంగారు పడితే మాట ఇంకా తొందరగా వస్తుంది. "చెప్తే మీరు వస్తనంటరు. మీరొస్తే పెద్దత్తయ్య దగ్గర ఎవరుంటరు అన్న మాట మళ్ళ వస్తది. ఈ ఇంట్ల ఎవరో ఒకరు ఆగాలంటే మీరన్న ఆగాలె, లేకుంటే నేనన్న ఆగాలె. మామయ్య పేరు రాలేదు. ప్రణవ్ పేరు రాలేదు. ఒక్కసారి కూడ రాలేదు. నాకు భయమైంది. అందుకే నోరు మూసుకున్న."

"సౌజీ, ఏం మాట్లాడుతున్నావ్?" అన్నాడు ప్రణవ్.

"అబద్ధమా? 'నేనాగుత, అమ్మని తీసుకపోండ్రి' అని నువ్వన్నవా?"

ప్రణవ్ తండ్రివైపు చూశాడు. తండ్రి కిటికీవైపు చూశాడు.

మంగాదేవికి ఒక్కక్షణం కోడలి చెంప పగలగొట్టాలనిపించింది. మరుక్షణమే, ఈ పిల్ల కూడా తనలాగే ఒక మూల నిలబడి ఎవరి వంతు వస్తుందో అని బిక్కుబిక్కుమంటూ చూసిందని తోచింది. అలాగని కోపం తగ్గలేదు. అది కోడలిని వదిలి, బల్లకి అటు పక్కనున్న ఇద్దరు మగవాళ్ళమీదికి మళ్ళింది.

అప్పుడే లోపలి గదిలోంచి టక్కు టక్కుమని చప్పుడు వినిపించింది. వాకరు పట్టుకుని మృత్యుంజయ తల్లి అప్పలనరసమ్మ గుమ్మందాకా వచ్చింది. ఆయాసపడుతోంది.

"అమ్మా, నువ్వెందుకు లేచావు? పడతావు!" అంటూ మృత్యుంజయ ముందుకి వెళ్ళాడు.

"పడితే పడతాను. నీ మీద పడన్లే, తప్పుకో." ముసలావిడ అతని చెయ్యి విదిలించుకుంది. "ఒరే, ఇందాకట్నించి ఇంటన్నాను. నా పేరెట్టి ఏటేటో అనేస్తన్నావు. కోడలు నా కాడే పడుండాలని నానెప్పుడు సెప్పినాన్రా? నన్నొకమాట అడిగినావేటి?"

"నీ కోసమే కదమ్మా..."

"నా కోసం కాదు. నీ సులువు కోసం. నాకేటి, కూతురు నేదా?"

హైమ పేరు పైకి రాకుండానే గదిలో అందరికీ వినిపించింది.

హైమ మృత్యుంజయకి ఒక్కగానొక్క చెల్లెలు. గార్డెన్ రీచ్‌లో ఓడలు కట్టే యార్డులో వెల్డింగు పనిచేసే గవరయ్యని తనంతట తానే పెళ్ళి చేసుకుంది. బ్యాంకు ఆఫీసరు చెల్లెలికి వెల్డరేమిటని మృత్యుంజయ ఆనాడు ముఖం తిప్పుకున్నాడు. ఒకే ఊళ్ళో ఉంటూ ఇప్పటిదాకా ఆ ముఖం ఇటు తిప్పలేదు.

"ఆ ఇరుకింట్లోకా నిన్ను పంపేది? డాక్టరు వచ్చే దారైనా ఉండదక్కడ."

"ఉంటాది. నువ్వెప్పుడెల్లినావని నీకు తెలస్తాది?"

మంగాదేవి అప్పటికే ఫోను తీసి నంబరు నొక్కింది. అందరూ వినేలా స్పీకరు పెట్టి బల్లమీద ఉంచింది. మృత్యుంజయ వద్దని చెయ్యి అడ్డం ఊపాడు గాని, ఆవిడ చూడలేదు.

"వదినా?" హైమ గొంతు. వెనక ఆటోల హారన్లు. "ఇయ్యేల నా నంబరు గుర్తొచ్చిందేటి మీకు?"

"హైమా, ఒక సాయం అడుగుతున్నాను. మేం ఊళ్ళో లేని నాలుగు రోజులూ అత్తయ్యని నీ దగ్గరుంచుకోగలవా?"

ఆటోల హారన్లలోంచి హైమ గొంతు పెరిగింది.

"అమ్మ పడిపోయిందని నాకెవరు సెప్పినారొదినా? ఆసుపత్రినించి ఇంటికొచ్చేసినాక, సేపల బజార్లో ఎవరో అంటే ఇన్నాను. కన్నకూతుర్ని! సేపల బజార్లో ఇన్నాను. అప్పుడు నానక్కర్లేదు. ఇప్పుడు మీరు ఇమానాలెక్కాల, అందుకని నానక్కరొచ్చినాను."

"నువ్వన్నది నిజం. ఫోను చెయ్యకపోవడం నా తప్పు కూడా."

"నీ మీద నాకేటీ నేదు. మా అన్నయ్యని మా గుమ్మంలోకి రమ్మను. వొచ్చి మా ఆయన్ని 'బావా' అని పిలిచి, 'మా అమ్మని సూసుకో' అని అడగమను. అప్పుడు తీసుకెల్తాను."

"జన్మలో వెళ్ళను!" అన్నాడు మృత్యుంజయ. ఫోనుకి వినిపించేంత గట్టిగానే అన్నాడు.

"ఇన్నాను," అంది హైమ. "ఉంటానొదినా."

"ఒసే హైమా, ఉండే." అప్పలనరసమ్మ వాకరు ఈడ్చుకుంటూ బల్ల దగ్గరకి వచ్చింది. ఫోనుమీదికి వంగింది. "నానే. ఆడెవడే అడగడానికి? నానడుగుతున్నాను. నన్నుంచుకుంటావేటి?"

 ఫోను ఆగిపోయిందేమోనని ప్రణవ్ తొంగిచూశాడు. ఆగలేదు. అవతల ఎవరో ముక్కు చీదుతున్న చప్పుడు.

"నువ్వడుగుతావేటే అమ్మా," అంది హైమ.  "నీ ఇంటికి నువ్వు రాడానికి అడుగుతావేటే? డూటీ దిగ్గానే మా ఆయనొస్తాడు. టాక్సీ తెస్తాడు. మాది కిందిల్లే, మెట్లు కూడా నేవు."

ఫోను ఆగాక, అప్పలనరసమ్మ కుర్చీలో కూలబడి పైట చెంగుతో మొహం తుడుచుకుంది. కొడుకువైపు చూడలేదు.

"ఇప్పుడింక సాకేటి?" అంది మంగాదేవి భర్తతో.

 జవాబు కోసం ఆవిడ ఆగలేదు. ప్రణవ్ ముందున్న ప్లేటు పక్కకి జరిపి, టాబ్లెట్ అక్కడ పెట్టి, కళ్ళజోడు తగిలించుకుని ఎయిర్‌లైన్ సొంత సైటు తెరిచింది.

"ఇలా ఇవ్వమ్మా, నేను చేస్తాను," అన్నాడు ప్రణవ్.

"చెయ్యి తియ్యి."

వాళ్ళెక్కే విమానమే వెతికింది. ఉంది. ప్రయాణీకులెందరని అడిగిన చోట ఒకటి అని నొక్కింది. 'త్వరపడండి, కొన్ని సీట్లే మిగిలాయి' అని ఎర్రటి అక్షరాలు మెరిశాయి. ఆ మాట ఆ సైటు వేసవి మొదటినుంచీ అంటూనే ఉంది. భోజనం కావాలా, ముందు ఎక్కుతారా, ఇన్సూరెన్సు కావాలా అంటూ ఒకదాని తర్వాత ఒకటి అడ్డం వచ్చాయి. తగాదాలో ఉన్న మనిషిలా కాక, పరీక్ష పేపరు దిద్దుతున్న టీచరులా ఒక్కొక్కదాన్నే చదివి తీసేసింది. సీట్ల బొమ్మ వచ్చినప్పుడు కిటికీ పక్కది ఏరుకుంది.

"మీ నలుగురూ ఎక్కడ కూచుంటారో నాకు తెలీదు," అంది తల ఎత్తకుండా. "మీకు దూరంగా ఉంటే చాలు. పడవలో కూడా నా గది నేను వేరే తీసుకుంటాను. ఈసారి ఎవరికీ ఉప్మా కలపను."

సౌజన్యకి నవ్వొచ్చి ఆపుకుంది. మృత్యుంజయ చూశాడు.

పాస్‌పోర్టు వివరాలు కొట్టింది. తన డెబిట్ కార్డు నంబరు కొట్టింది. టీచరు పెన్షను పడే ఖాతా అది. అన్నీ సరిచూసుకుని, డబ్బు కట్టే చోట వేలు నొక్కింది.

మృత్యుంజయ చొక్కా జేబులో ఫోను టింగుమంది.

ఏం జరిగిందో మొదట అతనికి, తర్వాత ప్రణవ్‌కి, ఆఖరున మంగాదేవికి అర్థమయింది. బ్యాంకు పంపే ఓటీపీ ఖాతాకి తగిలించిన నంబరుకి వెళ్తుంది. ఆ ఖాతా మృత్యుంజయ పనిచేసిన బ్రాంచిలోనే తెరిచారు. 'ఆ మెసేజీలన్నీ నీకెందుకు, నేను చూసుకుంటాలే' అని ఆ రోజు అతను తన నంబరే రాశాడు. మంచిదే అనుకుని ఆవిడ సంతకం పెట్టింది. ఇన్నాళ్ళూ దాని సంగతే గుర్తు రాలేదు.

"ఆ నంబరు చెప్పండి," అంది.

మృత్యుంజయ ఫోను తీశాడు. చూశాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"కోపంలో ఏ పనీ చెయ్యకూడదు మంగా. రేపు నిదానంగా మాట్లాడుకుందాం."

"అది నా పెన్షను."

"కాదన్నానా? నీ మంచికే చెప్తున్నాను."

"నాన్నా, చెప్పెయ్యి," అన్నాడు ప్రణవ్ మెల్లగా.

"నువ్వూరుకో."

మంగాదేవి మళ్ళీ పంపమని నొక్కింది. అతని జేబు టింగుమంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ టింగుమంది.  అతని చెయ్యి మాత్రం జేబుమీదే ఉంది. చివరికి టాబ్లెట్‌లో పేజీ తెల్లబోయి, మొదటినుంచి మొదలుపెట్టమంది.

ఇన్నేళ్ళ కాపురంలో అతను ఆవిడమీద చెయ్యి చేసుకోలేదు. బూతు మాట అనలేదు. తాగలేదు. ఆ మాట నలుగురిలో ఆవిడే గొప్పగా చెప్పుకునేది. జేబుమీద ఉన్న ఆ చెయ్యి చూస్తుంటే, ఇన్నాళ్ళూ తను ఏ కొలతతో కొలిచిందా అని ఒళ్ళు మండిపోయింది.

లేచి లోపలికి వెళ్ళింది. చీర మార్చుకుని, భుజానికి సంచీ తగిలించుకుని వచ్చింది. చేతిలో ఆధార్ కార్డు, పాసుబుక్కు ఉన్నాయి.

"ఎక్కడికి?" అన్నాడు మృత్యుంజయ.

"బ్యాంకుకి. ఇవాళ సెలవు శనివారం కాదు. ఆ ఖాతాకి నా నంబరు పెట్టించుకుంటాను."

 ఇందాకటినుంచీ లేని కంగారు అతని గొంతులోకి వచ్చింది. "మంగా, అది నా బ్రాంచి. అక్కడ నాకో పేరుంది. ఇంటి గొడవలు తీసుకెళ్ళి ఆ కౌంటర్లమీద ఆరేస్తావా?"

"మీకు పేరుంది. నాకు ఖాతా ఉంది."

"అత్తయ్యా, నేను కూడ వస్త," అని సౌజన్య లేచింది.

"వద్దు. నువ్వు కూచుని ఆ టీ తాగు, చల్లారిపోతోంది. ప్రణవ్, మీ మామ్మ బట్టలు సర్దు. మందులు మర్చిపోకు. మీ మావయ్య వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉండాలి."

"నేనా?" అన్నాడు ప్రణవ్.

మంగాదేవి తలుపు దగ్గరకి వేసి వెళ్ళిపోయింది.

బ్యాంకు దాకా ఆటోలో కూచున్నంతసేపూ ఆవిడ పైట చెంగుతో నుదురు తుడుచుకుంటూనే ఉంది. ఆటో అతను వదినని పిలిచినట్టు "బౌది, ఒంట్లో బాగాలేదా?" అని బెంగాలీలో అడిగాడు. బాగానే ఉందంది.

బ్రాంచి గుమ్మంలో గార్డు గుర్తుపట్టి తలుపు తీశాడు. లోపల ఏసీ చల్లగా తగిలింది. ఖాతాల కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. ఆ అమ్మాయికి ఆవిడెవరో పక్క సీటాయన చెవిలో చెప్పాడు. వెంటనే మొహం విప్పారింది.

"కూచోండి మాసిమా, కూచోండి. స్యార్ బాగున్నారా?" అంది బెంగాలీలో, పిన్నిగార్ని పిలిచినట్టు.

"బాగున్నారు. నా ఖాతాకి ఫోను నంబరు మార్చాలి."

అమ్మాయి కంప్యూటర్లో చూసింది. "ఇందులో స్యార్ నంబరే కదా ఉంది? ఆ ఫోను పోయిందా?"

"పోలేదు. అది ఆయన నంబరు. ఇక్కడ నాది ఉండాలి."

"ఓ." ఆ అమ్మాయి కాస్త ఇబ్బందిగా నవ్వింది. ఫారం తీస్తున్నదల్లా ఆగి, బల్లమీది ఫోను అందుకుంది. "ఒక్క నిమిషం మాసిమా. స్యార్‌తో ఒక మాట చెప్పి..."

మంగాదేవి చెయ్యి చాచి ఆ రిసీవరుమీద పెట్టింది. గట్టిగా కాదు. కానీ ఆ అమ్మాయి దాన్ని ఎత్తలేకపోయింది.

"ఖాతా ఎవరి పేరున ఉందమ్మా?" అంది బెంగాలీలోనే. క్లాసులో ఆఖరి బెంచీకి వినిపించే గొంతు అది. ఇన్నాళ్ళకి మళ్ళీ బయటికి వచ్చింది.

"మీ పేరునే."

"సంతకం ఎవరిది?"

"మీదే మాసిమా."

"మరి ఫోను ఎవరికి చేస్తున్నావు?"

ఆ అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. "నేను... తెలిసిన కుటుంబం కదా అని..."

"తెలిసిన కుటుంబం కాబట్టే అడుగుతున్నాను. దారినపోయే మనిషెవరైనా వచ్చి అడిగితే ఆవిడ మొగుడికి ఫోను చేసేదానివా?"

పక్క కౌంటర్లలో డబ్బులు లెక్కపెట్టే చేతులు ఆగాయి. ఆ అమ్మాయి మారుమాట లేకుండా ఫారం ముందుకి జరిపింది. మంగాదేవి కళ్ళజోడు సర్దుకుని రాయడం మొదలుపెట్టింది. పేరు రాసింది. ఖాతా నంబరు రాసింది. తన ఫోను నంబరు ఒక్కో అంకె గళ్ళలో నింపి, కింద సంతకం చేసింది. ఆ అమ్మాయి ఆధార్ కార్డుతో సరిచూసి, స్టాంపు చేతిలోకి తీసుకుంది.

అప్పుడు గుమ్మంలో గార్డు సెల్యూట్ కొట్టిన చప్పుడు వినిపించింది.

మృత్యుంజయ రొప్పుతూ లోపలికి వచ్చాడు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. అయినా పాత సిబ్బందికి అదేమీ కనిపించలేదు. "స్యార్! ఎన్నాళ్ళకి, స్యార్!" అంటూ కౌంటర్ల వెనక కుర్చీలు వెనక్కి జరిగాయి. ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడ్డారు. ఎవరో టీ తెమ్మని కేకేశారు. స్టాంపు పట్టుకున్న అమ్మాయి కూడా సగం లేచింది.

అతను అందరికీ నవ్వుతూ నమస్కారాలు పెడుతూనే భార్య పక్కకి వచ్చాడు. వంగి, వాళ్ళకి అర్థం కాకుండా తెలుగులో అన్నాడు.

"లే మంగా. అందరూ చూస్తున్నారు. ఇంటికెళ్దాం పద. మళ్ళీ నొక్కు, వచ్చే నంబరు నేను చెప్తాను. ఇప్పుడే చెప్తాను, టికెట్టు కొనుక్కో. ఇది మాత్రం వద్దు."

మంగాదేవి తలెత్తి అతని మొహంలోకి చూసింది. ఫోను ఇంకా అతని జేబులోనే ఉంది. చెప్పమన్నప్పుడు చెప్పని మనిషి, పరువు పోతుందనగానే చెప్తానంటున్నాడు. రేపు ఇంకో టికెట్టు కొనాలన్నా, ఇంకో మందు కొనాలన్నా ఆ జేబుకే చెయ్యి చాచాలి.

బ్యాంకులో అందరూ నిలబడే ఉన్నారు. ఆవిడ ఒక్కతే కూచుని ఉంది.

"స్యార్‌కి ఒక కుర్చీ వెయ్యండి," అంది బెంగాలీలో, అందరికీ వినిపించేలా. "నా పని అయ్యేదాకా ఆయన కూచుంటారు."

ఎవరూ కుర్చీ తేలేదు.  కౌంటర్ అమ్మాయి ఒకసారి ఆయన వైపు, ఒకసారి ఆవిడ వైపు చూసింది. స్టాంపు ఇంకా ఆమె చేతిలోనే, గాలిలో ఉంది.